నయీంనగర్ ల్యాబ్ రూమ్‌లో తొమ్మిది నెలలు: సీసీఎన్‌పీ సెక్యూరిటీకి చదివేవాళ్ల కోసం నా రివ్యూ

హనుమకొండలో నయీంనగర్ నుంచి కిషన్‌పుర వైపు తిరిగే ఒక సందులో, కింద జిరాక్స్ షాపు, పైన మొదటి అంతస్తులో ఈ ల్యాబ్ రూమ్ ఉంటుంది. పెద్ద బోర్డేమీ లేదు. మెట్ల పక్కన గోడ మీద "నెట్‌వర్క్ ల్యాబ్, గంటల లెక్కన" అని నీలం పెయింటుతో రాసి ఉంటుంది. గ్రూప్స్‌కీ, ఎస్సై ఉద్యోగాలకీ చదివే పిల్లల కోసం మన దగ్గర సందుకొక రీడింగ్ రూమ్ ఉంది. నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ ముందు కూర్చుని చేతులారా ప్రాక్టీస్ చేసుకునే చోటు మాత్రం ఇక్కడ నాకు కనబడింది ఇదొక్కటే. 2023 డిసెంబర్ నుంచి 2024 ఆగస్టు దాకా నేను అక్కడికి పోయాను. నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్‌పీ సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు రాసే కోర్ పరీక్ష, 350-701 నంబరుది, అక్కడ చదివే మొదటిసారి ఫెయిలయ్యాను, అక్కడ చదివే రెండోసారి పాసయ్యాను. కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

నాది కాజీపేట. ఇంటి నుంచే రాత్రి డ్యూటీలో ఒక కంపెనీకి నెట్‌వర్క్ సపోర్ట్ చేస్తాను. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఆరేళ్లుగా నా పని ఏమిటంటే, లింకు పడిపోతే చూడటం, ఫైర్‌వాల్ మీద టికెట్, అంటే ఫిర్యాదు, వస్తే పై టీమ్‌కి పంపడం. పంపిన ప్రతిసారీ, అవతల వాళ్లు ఏం చేసి సరిచేశారో తెలియకుండానే టికెట్ మూసేయాల్సి వచ్చేది. ఆ బాధే నన్ను ఈ పరీక్ష వైపు నడిపించింది. జీతం సంగతి తర్వాత.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2020 ఫిబ్రవరి 24 నుంచి సిస్కో పద్ధతి మారింది. కోర్ పరీక్ష ఒకటి, మనకు నచ్చిన విభాగంలో ఇంకొకటి పాసైతే సీసీఎన్‌పీ వస్తుంది. కోర్ పరీక్ష 120 నిమిషాలు. 2024లో నేను రాసినప్పుడు ఫీజు 400 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపితే 40 వేలకు దగ్గర పడింది. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. 40 వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. అందుకే ఎక్కడ చదవాలన్నది ఇంత ఆలోచించాను.

ఇంట్లో ఎందుకు చదువుకోలేదని చాలామంది అడిగారు. నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. నెట్‌వర్క్‌లోకి ఎవరిని రానివ్వాలో తేల్చే సిస్కో వాళ్ల సాఫ్ట్‌వేర్ ఐడెంటిటీ సర్వీసెస్ ఇంజిన్, మేమంతా ఐస్ అంటాం, అదొక్కటే 16 జీబీ తింటుంది. ఫైర్‌వాల్ మేనేజ్‌మెంట్ సెంటర్ పెట్టాలంటే ఇంకో 32 కావాలి. దాని కింద నడిచే ఒక్కో వర్చువల్ ఫైర్‌వాల్‌కు 8. రెండు ఫైర్‌వాల్‌లతో చిన్న ల్యాబ్ కట్టాలన్నా 64 జీబీ దాటిపోతుంది. అంత మెషీన్ కొనాలంటే పరీక్ష ఫీజును మించిపోతుంది. ఈ రూమ్‌లో అద్దాల తలుపు వెనక 256 జీబీ ర్యామ్ ఉన్న పాత సెకండ్ హ్యాండ్ సర్వర్ ఉంది. అది చూసి డబ్బు కట్టాను.

అయితే ఒక మాట. మొదటి రెండు నెలలకు ఇంత అవసరం లేదు. ఏఎస్ఏ అనే సిస్కో ఫైర్‌వాల్‌కు సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ రూపం ఉంది, అది లైసెన్స్ లేకపోయినా నడుస్తుంది, 100 కేబీపీఎస్ దగ్గర వేగం ఆగిపోతుంది, అంతే. కమాండ్లు చేతికి అలవాటు కావడానికి అది చాలు. యాక్సెస్ లిస్టులు (ఎవరిని రానివ్వాలో రాసే రూలులు), నాట్ (డేటా పాకెట్ల చిరునామా మార్చడం), వీపీఎన్ (రెండు చోట్ల మధ్య రహస్య సొరంగం) ఇంట్లోనే చేసుకోండి. ఐస్ దగ్గరికి వచ్చినప్పుడు ఈ రూమ్ మెట్లెక్కండి. నేను ముందే చేరి రెండు నెలల డబ్బు ఊరికే కట్టాను.

దీనికి ముందు హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు ఆన్‌లైన్‌లో 35 వేలు కట్టాను. పేరు రాయను. మూడు నెలల క్లాసులు అన్నారు. నాలుగో వారానికల్లా ప్రశ్నలూ జవాబులూ ఉన్న పీడీఎఫ్ ఒకటి పంపి, "ఇది బట్టీ కొట్టండి మేడమ్, పాసైపోతారు" అన్నారు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పందానికి ఒప్పుకోవాలి. దొంగ ప్రశ్నపత్రాలతో రాసినట్టు తేలితే సర్టిఫికెట్ పోతుంది. దానికంటే నాకు భయమేసిన సంగతి ఇంకోటి ఉంది. పాసై పై టీమ్‌లోకి పోతే, రాత్రి రెండింటికి ఒక ఆసుపత్రి లింకు పడిపోయిందని టికెట్ నా చేతికే వస్తుంది. అప్పుడు ఆ పీడీఎఫ్ తెరిచి ఏం చూడాలి? ఆ డబ్బు తిరిగి రాలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

ల్యాబ్ రూమ్ నడిపే అన్నది జగిత్యాల వైపు. పద్నాలుగేళ్లు దుబాయ్‌లో డేటా సెంటర్లలో పని చేసి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నేను చేరిన రోజే ఒక అబ్బాయి వచ్చి డంప్స్, అంటే అలాంటి దొంగ ప్రశ్నపత్రాలు, దొరుకుతాయా అని అడిగాడు. అన్న కోప్పడలేదు. "అవే కావాలంటే ఈడ సీటు నీకు దండుగ తమ్మీ" అని, ఆ అబ్బాయి అప్పటికే కట్టిన అడ్వాన్సు డ్రాయర్‌లోంచి తీసి చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఆయన పాఠం చెప్పడు. ఇది ముందే తెలుసుకోవాలి. స్లైడ్లు, నోట్సు, క్లాసు అనేవి ఇక్కడ ఉండవు. నెలకు 2,500, రోజుకు ఆరు గంటల స్లాట్. సర్వర్ మీద పెద్ద ల్యాబ్ కావాలంటే గంటకు 60 అదనం. డబ్బు తీసుకుని సీటు ఇస్తాడు, పెట్టెలు ఇస్తాడు, ఇక మన చదువు మనది. ఆదివారం మాత్రం ఒక పని చేస్తాడు, అది కూడా ఉచితంగా. మనం కట్టుకున్న ల్యాబ్‌లోకి దూరి ఒకే ఒక్క తప్పు పెట్టి బయటికి పోతాడు. "తప్పు పెట్టుడు" అంటాం మేము. ఈ రూమ్‌కు నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే.

జనవరిలో ఒక ఆదివారం జరిగింది చెప్తాను. రెండు ఏఎస్ఏ పెట్టెలు. ఒకవైపు లోపలి నెట్‌వర్క్ 10.10.10.0, ఇంకోవైపు 10.20.20.0. మధ్యలో ఐకేఈ వెర్షన్ 2తో వీపీఎన్ సొరంగం. శనివారం రాత్రి నేను కట్టి, పింగ్ కొట్టి అవతలి నుంచి జవాబు వస్తోందని చూసుకుని పోయాను. ఆదివారం పొద్దున వచ్చేసరికి పింగ్ పోవట్లేదు.

ముందు ఐకేఈ చూశాను. రెడీ అని ఉంది. అంటే రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి, తాళంచెవి కలిసింది. తర్వాత ఐపీసెక్ లెక్కలు, అంటే సొరంగంలోకి ఎన్ని పాకెట్లు పోయాయో, ఎన్ని వచ్చాయో చూశాను. ఎన్‌క్యాప్స్ 20, డీక్యాప్స్ 0. నా వైపు నుంచి 20 పాకెట్లు మూటకట్టి పంపాను, ఒక్కటీ తిరిగి రాలేదు. తాళంచెవి మార్చాను. ట్రాన్స్‌ఫామ్ సెట్ మార్చాను. క్రిప్టో మ్యాప్ మొత్తం తుడిచేసి మళ్లీ రాశాను. రెండు గంటలు పోయాయి. అంతసేపూ ఒకే పెట్టె ముందు కూర్చున్నాను.

అన్న చాయ్ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు. "చెల్లే, అవతలి పెట్టె మీద లెక్క జూసినవా?"

చూడలేదు. కేబుల్ తీసి రెండో ఏఎస్ఏకి పెట్టాను. అక్కడ డీక్యాప్స్ 20, ఎన్‌క్యాప్స్ 0. నేను పంపిన ఇరవైకి ఇరవై అవతలికి చేరాయి, మూట విప్పారు కూడా. విప్పాక లోపల ఎక్కడో ఆగిపోయాయి. అంటే రెండు గంటల నుంచి నేను బాగున్న పెట్టెను చెడగొట్టి బాగుచేస్తూ కూర్చున్నాను.

"పాకెట్ ఏడ ఆగిందో అదే రాసి పెడ్తది. లాగ్ సదువు" అన్నాడు.

లాగ్‌లో 305013 నంబరు సందేశం వరుసగా పడి ఉంది. దాని అర్థం: పోయేటప్పుడు ఒక నాట్ రూలు తగులుతోంది, వచ్చేటప్పుడు ఇంకో నాట్ రూలు తగులుతోంది, రెండూ కలవట్లేదు కాబట్టి ఈ కనెక్షన్ ఆపేశాను. వీపీఎన్‌లో పోయే పాకెట్ల చిరునామా మార్చొద్దని చెప్పే రూలు నేను రెండు వైపులా రాసి పెట్టాను. తీసేశాడేమో అని షో నాట్ కొట్టి చూస్తే, రూలు ఉంది. అక్షరం కూడా మారలేదు. కానీ మూడో సెక్షన్‌లో కూర్చుని ఉంది.

ఏఎస్ఏలో నాట్ రూలులను పైనుంచి కిందికి మూడు సెక్షన్లుగా చూస్తుంది. మనం చేత్తో రాసేవి మొదటిది. ఆబ్జెక్ట్ కింద రాసేవి రెండోది. "ఆఫ్టర్ ఆటో" అని రాస్తే మూడోది. ఇంటర్నెట్‌కు పోయేవాళ్లందరి చిరునామా మార్చే రూలు రెండో సెక్షన్‌లో ఉంది. అన్న చేసిందల్లా నా రూలుకు "ఆఫ్టర్ ఆటో" అన్న రెండు మాటలు కలపడమే. దాంతో అది వెనక్కి పోయింది, వెనక్కి వచ్చే పాకెట్‌కు ముందు ఇంటర్నెట్ రూలు తగిలింది. పాకెట్ ట్రేసర్ కమాండ్‌తో లోపలి నుంచి ఒక పాకెట్ వదిలి చూస్తే మెట్టు మెట్టుకూ అదే కనబడింది. నాట్ దగ్గర చిరునామా మారిపోయింది, వీపీఎన్ మెట్టు అసలు రానే లేదు.

రూలు తుడిచి, ఆ రెండు మాటలు లేకుండా మళ్లీ రాశాను. పింగ్ కొట్టాను. ఐదు ఆశ్చర్యార్థకాలు వరుసగా వచ్చాయి. సిస్కో పరికరాల మీద పనిచేసేవాళ్లకు ఆ ఐదు గుర్తులు ఎంత ముద్దొస్తాయో చెప్పక్కర్లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే. రాత్రి డ్యూటీ చేసి, నిద్ర పోకుండా వచ్చి కూర్చున్న పొద్దు అది.

అదే నెలాఖరున డ్యూటీలో అచ్చం ఇలాంటి టికెట్ వచ్చింది. ఒకవైపు ఎన్‌క్యాప్స్ పెరుగుతున్నాయి, డీక్యాప్స్ సున్నా. నేను పై టీమ్‌కు పంపుతూ, "అవతలి వైపు నాట్ వరుస చూడండి" అని ఒక వాక్యం రాశాను. పదిహేను నిమిషాల్లో టికెట్ మూతపడింది. ఆరేళ్లలో మొదటిసారి, అది ఎలా సరైందో నాకు తెలిసి మూతపడింది.

ఈ చదువులో నాకు ఇంకో గురువు మా బాపు. కాజీపేట సెక్షన్‌లో సిగ్నల్ అండ్ టెలికాం విభాగంలో మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకు ఫైర్‌వాల్ తెలియదు. కానీ నేను ల్యాబ్‌లో ఫెయిల్ ఓపెన్, ఫెయిల్ క్లోజ్ అనే సెట్టింగు దగ్గర తికమక పడి ఇంటికొచ్చి చెప్తే, ఆయన వెంటనే అందుకున్నాడు. ఏఎస్ఏలో ట్రాఫిక్‌ను లోతుగా తనిఖీ చేసే మాడ్యూల్ ఒకటి ఉంటుంది. అది పనిచేయకపోతే ఏం చేయాలో మనమే చెప్పాలి. ఫెయిల్ క్లోజ్ అంటే అన్నీ ఆపేయ్. ఫెయిల్ ఓపెన్ అంటే తనిఖీ లేకుండా వదిలేయ్.

"పాత రెక్క సిగ్నల్ ఉంటుండె గదా బిడ్డా. తీగ తెగితే బరువుకు రెక్క దానంతటదే అడ్డంగ పడాలె. అడ్డంగ పడ్డదంటే బండి ఆగాలె. లైన్ క్లియర్ రానిది బండి కదలద్దు" అన్నాడు. యాక్సెస్ లిస్టు చివర కనబడకుండా ఉండే డినై, అంటే "వద్దు" అనే రూలు కూడా ఇదే కదా అనిపించింది. అనుమతి రాసి లేకపోతే ఆగాలి.

మరునాడు ల్యాబ్‌లో అన్నకు చెప్తే, ఆయన ఒప్పుకుంటూనే ఇంకో ప్రశ్న వేశాడు. ఆసుపత్రిలో తనిఖీ మాడ్యూల్ ఆగిపోయింది, డాక్టరుకు స్కానింగ్ ఫొటో తెరుచుకోవాలి, అప్పుడు ఏం పెడతావు? ఆ ప్రశ్నను నేను మళ్లీ బాపు దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సిగ్నల్ ఖరాబైతే బండ్లు మొత్తం బందు వెట్టం గదా. స్టేషన్ మాస్టర్ చీటీ రాసిస్తడు. ఆ చీటీ చేతికొస్తేనే డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటాలె" అన్నాడు. నా నోటుబుక్కులో ఫెయిల్ ఓపెన్ పేజీలో ఇప్పటికీ "చీటీ ఎవరు రాస్తారు?" అని రాసి ఉంటుంది. ఏ కంపెనీలో ఆ సెట్టింగు చూసినా ముందు అదే అడుగుతాను.

ఇక రూమ్‌లో బాగాలేనివి.

ఫైర్‌వాల్ పెట్టెలు పాతవి. 5506-ఎక్స్ మోడళ్లు. వాటి మీద సిస్కో కొత్త ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, ఫైర్‌పవర్ థ్రెట్ డిఫెన్స్, 6.2.3 దాటి ఎక్కదు. ఏఎస్ఏ కమాండ్లు నేర్చుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, కొత్త ఫైర్‌వాల్ తెరలు చూడాలంటే మాత్రం గంటకు 60 కట్టి సర్వర్ మీదికి పోవాలి. ఈ సంగతి చేరేటప్పుడే చెప్పాలి. నాకు రెండో వారంలో తెలిసింది.

ఎండాకాలంలో మధ్యాహ్నం కూర్చోలేము. ఏసీ ఉన్నది సర్వర్ ఉన్న అద్దాల గదికే. మనకు రెండు ఫ్యాన్లు, ఒక కూలర్. మే నెలలో వరంగల్ ఎండ సంగతి తెలిసిందే. అద్దాల తలుపు వేసినా సర్వర్ ఫ్యాన్ల హోరు వినబడుతూనే ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. పొద్దున ఆరింటి స్లాట్ తీసుకుంటే ఈ రెండు బాధలూ తగ్గుతాయి.

ఐస్ సాఫ్ట్‌వేర్ 90 రోజుల ఎవాల్యుయేషన్ మీద నడుస్తుంది. గడువు దగ్గర పడితే అన్న మళ్లీ కొత్తగా ఎక్కిస్తాడు. మార్చిలో ఆ తేదీ ఆయన మరిచిపోయాడు. నేను పది రోజులు కష్టపడి రాసుకున్న పాలసీలు బ్యాకప్ తీసుకోకముందే కొత్తది ఎక్కించాడు. చాలా బాధపడ్డాను, ఆ మాట ఆయన ముందే అన్నాను. తప్పు ఒప్పుకుని పది రోజుల డబ్బు తిరిగిచ్చాడు. ఇప్పుడు గోడ మీద గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఉంటోంది. మీరైతే ప్రతి శనివారం మీ బ్యాకప్ మీరు తీసుకోండి, ఆయన మీద వదలొద్దు.

కరెంటు. ఇన్వర్టర్ సర్వర్‌కు ఉంది, స్విచ్చులకు లేదు. ఏప్రిల్‌లో గాలివాన వచ్చి కరెంటు పోయి వచ్చింది. తర్వాత ప్రింటర్‌ను దాని మ్యాక్ అడ్రస్‌తో, అంటే ప్రతి పరికరానికీ ఉండే సొంత నంబరుతో, నెట్‌వర్క్‌లోకి రానిచ్చే ల్యాబ్ చేస్తుంటే, ఐస్ లాగ్‌లో ఉన్న సమయానికీ స్విచ్ లాగ్‌లో ఉన్న సమయానికీ పొంతనే లేదు. ఐస్‌లో 2024. స్విచ్‌లో 1993 మార్చి 1. ఆ పాత స్విచ్‌లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోతే అక్కడికే పోతాయి. గడియారాలన్నిటినీ ఒకే సమయానికి కలిపే ఎన్‌టీపీ పెట్టుకోకపోతే రెండు లాగులను పక్కపక్కన పెట్టి చదవలేమని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం నాకు ఆ రోజు అర్థమైంది. రూమ్ మీద ఫిర్యాదుగా మొదలుపెట్టాను కానీ, దీని వల్ల నాకు మేలే జరిగింది.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే సర్వర్ల మీద ప్రాక్టీసు, అసలు లేదు. ఇది పెద్ద లోటు, నేను మొదటిసారి ఫెయిల్ కావడానికి సగం కారణం. పరీక్షలో సెక్యూరిటీ కాన్సెప్ట్స్‌కు 25 శాతం, నెట్‌వర్క్ సెక్యూరిటీకి 20, క్లౌడ్‌కు 15. ల్యాబ్‌లో పెట్టెలు ముద్దొచ్చి నేను ఆ 15ను పక్కన పెట్టేశాను. కాన్సెప్ట్స్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు చదివి అర్థం చేసుకోవడం కూడా ఉంటుంది. దానికీ ఇక్కడ సాయం దొరకదు.

ఆడవాళ్ల కోసం విడిగా ఒక మాట. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది. బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది, లోపలి గడియ పనిచేస్తుంది. పై అంతస్తులోనే అన్న కుటుంబం ఉంటుంది, వదిన రోజుకు రెండుమూడు సార్లు కిందికి వచ్చి పోతుంది. రాత్రి ఎనిమిది దాటితే ఆటో ఎక్కేదాకా ఎవరో ఒకరిని తోడు పంపిస్తారు. బాబుకు జ్వరం వచ్చి నేను రాలేని నాలుగు రోజులను అడగకుండానే తర్వాతి నెలలో కలిపారు. 2023 జులైలో వరంగల్ నీళ్లలో మునిగినప్పుడు ఈ ల్యాబ్ కిందనే ఉండేదట, కొన్ని స్విచ్చులు నానిపోయాయట. అప్పటి నుంచి మొదటి అంతస్తుకు మార్చారు. మెట్లు కొంచెం ఇరుకు.

సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో మూసేస్తారని ముందే చెప్పారు. మేడారం జాతర వారం మాత్రం తెరిచే ఉంచారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా ఊరంతా బస్సుల కోసం పరుగెడుతుంటే రూమ్ ఖాళీగా ఉండేది. నేను ఒక రోజు పోయి అమ్మవార్లకు బంగారం, అంటే బెల్లం, సమర్పించి వచ్చి, మిగతా మూడు రోజులు సర్వర్ మొత్తం నా ఒక్కదానికే దొరికినట్టు వాడుకున్నాను.

పరీక్ష సంగతి. ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు, కానీ కెమెరా ముందు నుంచి కదలకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో ఆ మాటకు హామీ ఇవ్వలేను. అందుకే రెండుసార్లూ హైదరాబాద్‌లో సెంటర్ బుక్ చేసుకున్నాను. మేలో మొదటిసారి రాత్రి డ్యూటీ దిగి, అదే పొద్దున కాజీపేటలో రైలెక్కి, 132 కిలోమీటర్లు పోయి కూర్చున్నాను. సిస్కో పరీక్షలో ఒక ప్రశ్న దాటితే వెనక్కి పోయి మార్చుకునే వీలు లేదు. నిద్రలేని కళ్లతో ప్రశ్న సగం చదివి జవాబు నొక్కేసి ముందుకు పోయినవి చాలా ఉన్నాయి. ఫెయిల్. రిపోర్టులో ఒక్కో విభాగానికి ఎంత శాతం వచ్చిందో ఉంటుంది. క్లౌడ్, నెట్‌వర్క్ యాక్సెస్ రెండూ కిందికి ఉన్నాయి. ఐదు రోజులు ఆగితే మళ్లీ రాయొచ్చు. నేను మూడు నెలలు ఆగాను.

ఆ మూడు నెలల్లో అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో సొంత ఖాతా తెరిచి, అక్కడి రెండు రకాల కాపలాలూ చేసి చూశాను. సెక్యూరిటీ గ్రూపుకు బయటికి పోయిన పాకెట్ గుర్తుంటుంది, జవాబును దానంతట అదే రానిస్తుంది. నెట్‌వర్క్ ఏసీఎల్‌కు ఆ గుర్తు ఉండదు, రెండు దారులూ విడివిడిగా రాయాలి. ఒకసారి కావాలనే ఒక దారి మూసి, ఎక్కడ ఆగిందో వెతికాను. తప్పు పెట్టుడు నేనే నాకు చేసుకున్నాను. పాత పేర్లు, కొత్త పేర్లు ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించాను. స్టెల్త్‌వాచ్ ఇప్పుడు సెక్యూర్ నెట్‌వర్క్ అనలిటిక్స్, యాంప్ ఇప్పుడు సెక్యూర్ ఎండ్‌పాయింట్. పాత పుస్తకాలు చదివేవాళ్లు ఇది తప్పకుండా చేయండి. వస్తువు తెలిసి కూడా పేరు దగ్గర ఆగిపోతాం.

ఆగస్టులో ముందు రోజే సెలవు పెట్టి ఉప్పల్‌లో మా చిన్నమ్మ ఇంటికి పోయి పడుకున్నాను. పొద్దున మెట్రో ఎక్కి తీరిగ్గా సెంటర్‌కు చేరాను. పాసయ్యాను. ప్రశ్నలేమిటో అడగొద్దు, రాయకూడదు.

ఒక్క జాగ్రత్త. పరీక్ష ఖాతాలో పేరు, మీరు చూపించే గుర్తింపు కార్డులో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. మనకు టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయినవాళ్లకు ఇంకో కార్డులో ఇంకో ఇంటిపేరు. మా ల్యాబ్‌కు వచ్చే ఒక తమ్ముడు హుజూరాబాద్ నుంచి అంతదూరం పోయి ఈ తేడా వల్ల రాయకుండానే తిరిగొచ్చాడు. ఫీజు కట్టేముందే సరి చూసుకోండి.

పాఠం మొదటి నుంచి ఎవరైనా చెప్పాలి అనుకునేవాళ్లకు ఈ రూమ్ పనికిరాదు. సీసీఎన్‌పీకి కింది మెట్టయిన సీసీఎన్ఏ స్థాయి చదువు అయి, పుస్తకం సొంతంగా చదువుకుని, చేతులతో చేసి చూడాలనే వాళ్లకు 2,500 తక్కువే. ఐదుకు నాలుగు ఇస్తాను. క్లౌడ్‌కు ఏదైనా ఏర్పాటు చేసి, స్విచ్చులకు కూడా ఇన్వర్టర్ పెడితే మిగిలిన ఒకటీ ఇస్తానని అన్నకు చెప్పాను. ఇన్వర్టర్ సంక్రాంతికల్లా అన్నాడు.

రెండో పరీక్షకు ఐస్ విభాగం, 300-715 ఎంచుకున్నాను. జనవరి నుంచి మళ్లీ పొద్దున ఆరింటి స్లాట్ రాయించుకున్నాను. కూలర్‌కు ఎదురుగా ఉన్న సీటు నాది, దాని పక్కన రెండు ఖాళీ ఉన్నాయి. ఆడపిల్లలెవరైనా చేరాలనుకుంటే పొద్దున స్లాటే అడగండి, తోడు ఉంటుంది.